సందెవేళ వచ్చే జ్వరం



గోదావరికి వరద వచ్చినప్పుడు మన డెల్టాలో పెద్దవాళ్లు ఒకరినొకరు మొట్టమొదట ఏమని అడుగుతారో మీకు తెలుసు గదా? "ధవళేశ్వరం దగ్గర ఎంత ఉన్నది?" అని అడుగుతారు. అక్కడి బారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకు రెండవది. 17.75 అడుగులకు మూడవది. నదిని కంటితో చూడని వాళ్లు కూడా ఆ అంకెను నమ్ముతారు. లంకల్లోంచి పశువులను తోలుకొస్తారు, పిల్లలను గట్టు ఎక్కిస్తారు.

ఆ కొలత తప్పు చెబితే ఏమవుతుంది? వరద లేనిరోజున "వరద" అన్నదనుకోండి. జనం ఒకసారి పరిగెత్తుతారు, రెండోసారి పరిగెత్తుతారు. మూడోసారి నవ్వి ఊరుకుంటారు. ఆ మూడోసారే నిజంగా వరద రావచ్చు!

ఈ నెల మనం చెప్పుకోబోయేది నది దగ్గర ఉండే కొలత గురించి కాదు. అరచేతిలో ఇమిడే ఒక చిన్న మీటరు గురించి. అది మా బావగారి ట్రాక్టరుకు ఉన్నది. అయితే అది కూడా ఇలాంటి పేచీయే తెచ్చిపెట్టింది.

మా అక్కయ్యగారి ఊరు ధవళేశ్వరానికి దిగువన, తూర్పు డెల్టా కాలువల కింద ఉన్నది. ఒక సంక్రాంతికి నేను వారం రోజులు ముందుగానే అక్కడికి వెళ్లాను. అవి దాళ్వా నాట్ల రోజులు. బావగారు ట్రాక్టరుకు ఇనప దమ్ము చక్రాలు తొడిగి, పొద్దుటినుంచి రాత్రిదాకా ఊళ్లోవాళ్ల చేలు దమ్ము చేస్తున్నారు. ఆ ట్రాక్టరు పాతది. ఇంజను వేడి చూపించటానికి దానితోపాటు వచ్చిన మీటరు ఎప్పుడో పాడైపోయింది. అందుచేత బావగారు రాజమండ్రి వెళ్లి కొత్త మీటరు ఒకటి కొనుక్కొచ్చి, తామే స్వయంగా బిగించుకున్నారు.

అప్పటినుంచీ కథ మొదలయింది. పగలంతా మీటరు ముల్లు 85 డిగ్రీల దగ్గర బుద్ధిగా ఉంటుంది. పొద్దుగూకి చీకటి పడేసరికి నూరు దాటి, ఎర్రగీత అంచున కూర్చుంటుంది. బావగారు కంగారుపడి ఇంజను ఆపేస్తారు. అరగంట చల్లారనిచ్చి మళ్లీ బయలుదేరితే, కాసేపటికి మళ్లీ ఎర్రగీతే! దానితో రాత్రిపని ఆగిపోయింది. "నారు ముదిరిపోతున్నదండీ, మా చేలోకి ఎప్పుడొస్తారు?" అంటూ రైతులు రోజూ గుమ్మంలోకి వస్తున్నారు.

నేను వెళ్లేసరికి బావగారు అరుగుమీద దిగాలుగా కూర్చుని ఉన్నారు.

"ఏమోయ్ బావమరిదీ, దీనికి సందెవేళ జ్వరం పట్టుకున్నది. పగలంతా పనిచేసి అలిసిపోయి వేడెక్కుతున్నది. ఎల్లుండి ఇంజను విప్పించేస్తాను," అన్నారు.

ఇంజను విప్పటమంటే మాటలా? ఎన్ని రోజులు పడుతుందో తెలియదు. చేతిలో ఉన్న డబ్బంతా దానికే అయిపోతుంది. ఈలోగా దమ్ముల అదును కాస్తా దాటిపోతుంది. అక్కయ్య పైకి ఏమీ అనలేదుగాని, పండక్కి పిల్లలకు కొనవలసిన బట్టల మాట ఆ రోజు ఎత్తలేదు.

పక్కింటాయన మరొక సలహా ఇచ్చాడు. "మీటరు లేనన్నాళ్లూ బండి బాగానే నడిచింది గదండీ! దానివంక చూడటం మానెయ్యండి, సరిపోతుంది," అన్నాడు.

ఇది మొదటి సలహా కన్న ప్రమాదమయినది. ఎందుకో చివర మీకే తెలుస్తుంది.

మా మేనకోడలు ఏడవ తరగతి చదువుతున్నది. ఆ పిల్ల ఈ మాటలన్నీ విని, "మామయ్యా, జ్వరం సరిగ్గా ఎప్పుడు వస్తుందో ఎవరూ రాసి చూడలేదు గదా? మనం రాద్దామా?" అన్నది.

నాకు ఆ మాట ఎంతో నచ్చింది. ఆ సాయంత్రం మేము ముగ్గురం, అంటే నేనూ, మేనకోడలూ, దాని తమ్ముడూ, చేలగట్టుమీద కూర్చున్నాం. బావగారు దమ్ము చేస్తూ మా దగ్గరికి వచ్చినప్పుడల్లా ముల్లు ఎక్కడ ఉన్నదీ కేకవేసి చెబుతారు. మేనకోడలు గడియారం చూసి పుస్తకంలో రాస్తుంది. ఐదున్నరకు 85. ఐదూ నలభైకి 85. ఆరు గంటలకు కూడా 85. చీకటి పడుతున్నదని బావగారు హెడ్‌లైట్లు వేశారు. వెంటనే, "అదుగో, వచ్చేసింది! నూరు దాటింది!" అని అరిచారు.

"నాన్నా, లైట్లు తీసెయ్యి!" అని మేనల్లుడు కేకపెట్టాడు. లైట్లు తీసేశారు. ముల్లు దిగి 85 దగ్గరికి వచ్చేసింది!

"చూశారా పిల్లలూ? ఒక గిన్నెడు నీళ్లు పొయ్యిమీద పెడితే రెప్పపాటులో మరుగుతాయా?" అని నేను అడిగాను.

"మరగవు. చాలాసేపు పడుతుంది," అన్నాడు మేనల్లుడు.

"మరి ఇంత ఇనప ఇంజనూ, దానిలోని లీటర్లకొద్దీ నీళ్లూ రెప్పపాటులో 15 డిగ్రీలు ఎలా వేడెక్కుతాయి? రెప్పపాటులో ఎలా చల్లారుతాయి?"

మేనకోడలు కాసేపు ఆలోచించి, "అయితే వేడెక్కింది ఇంజను కాదు మామయ్యా. ముల్లు మాత్రమే ఎగిరింది!" అన్నది.

అదీ సంగతి! వేడి మెల్లగా నడుస్తుంది. విద్యుత్తు రెప్పపాటులో పరిగెత్తుతుంది. ముల్లు ఎగిరి గంతేసిందంటే దోషం వేడిలో లేదు, తీగల్లో ఉన్నదన్నమాట. మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతుండగా, బావగారిచేత హెడ్‌లైట్లు వేయించాము. సందెవేళ రావలసిన జ్వరం మధ్యాహ్నం పన్నెండింటికే వచ్చింది! ఇక అనుమానం లేదు.

ఇంతకూ హెడ్‌లైట్లకూ, వేడి చూపే మీటరుకూ సంబంధం ఏమిటి? అది తెలియాలంటే మీటరు లోపల ఏమున్నదో తెలియాలి.

1820లో డెన్మార్కు దేశంలో అయిర్‌స్టెడ్ అనే శాస్త్రజ్ఞుడు ఒక వింత చూశాడు. తీగలో విద్యుత్తు ప్రవహించగానే ఆ పక్కనే ఉన్న దిక్సూచి ముల్లు పక్కకు తిరిగింది. అంటే విద్యుత్తు పారే తీగ అయస్కాంతంలాగా పనిచేస్తుంది. మన మీటరుకు మూలం అదే. చాలా మీటర్లలో ముల్లుకు ఒక చిన్న అయస్కాంతం అతికి ఉంటుంది. దాని చుట్టూ రాగితీగ చుట్టలు ఉంటాయి. ఒక చుట్ట ముల్లును వేడివైపు లాగుతుంది, మరొకటి చల్లవైపు లాగుతుంది. మీ బడిలో తాడులాగే పోటీ చూశారు గదా? ఇదీ అంతే. ఎవరి బలం ఎక్కువైతే ముల్లు వారివైపు ఒరుగుతుంది.

మీటరు వెనక మూడు తీగలు ఉంటాయి. ఒకటి తాళం దగ్గరినుంచి విద్యుత్తు తెస్తుంది. రెండవది ఇంజనుకు బిగించిన సెన్సరు దగ్గరికి పోతుంది. ఈ సెన్సరు చల్లగా ఉన్నప్పుడు విద్యుత్తును బాగా అడ్డుతుంది. వేడెక్కినకొద్దీ దారి వదులుతుంది. దారి వదిలినకొద్దీ వేడివైపు లాగే చుట్టకు బలం వస్తుంది. ఇక మూడవ తీగ నల్లనిది. దాన్ని ఎర్త్ తీగ అంటారు. చల్లవైపు లాగే చుట్టలోని విద్యుత్తు ఈ తీగ గుండానే బయటికి పోవాలి.

ఎర్త్ అన్నంతమాత్రాన అది భూమిలో పాతినదనుకోకండి. బండి ఇనప శరీరమే దాని ఎర్త్. బ్యాటరీలోంచి తీగల గుండా వచ్చిన విద్యుత్తు, పని చేసిపెట్టి, బండి ఇనుములోంచి తిరిగి బ్యాటరీకి చేరుతుంది. వచ్చేదారి ఎంత ముఖ్యమో, పోయేదారి అంత ముఖ్యం.

డెల్టా పిల్లలకు ఇది వేరే చెప్పాలా? కాలువ నీరు తెస్తుంది, డ్రెయిను ఆ నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. భీమవరం వైపువాళ్లకు యనమదుర్రు డ్రెయిను తెలుసు. డ్రెయినులో గుర్రపుడెక్క పట్టిందనుకోండి. కాలువ ఎంత బాగున్నా చేలోని నీరు బయటికి పోదు. ఒక చిన్న మడీ, ఒక పెద్ద చేనూ ఒకే బోదెలోకి నీరు వదులుతున్నాయనుకోండి. ఆ బోదె సగం పూడిపోయి ఉన్నది. చిన్న మడి నీరు ఒక్కటే అయితే ఎలాగో పోతుంది. కాని పెద్ద చేను గండి తీసేసరికి బోదెలో నీరు లేస్తుంది. అప్పుడు చిన్న మడి నీరు ఎక్కడికి పోతుంది? ఉన్నచోటే నిలిచిపోతుంది.

మా బావగారి ట్రాక్టరులో చిన్న మడి మీటరు. పెద్ద చేను హెడ్‌లైట్లు. బావగారు మీటరు నల్లతీగను, హెడ్‌లైట్ల ఎర్త్ తీగ ఉన్న మరకిందే పెట్టి బిగించారు. ఆ మర బిగించిన రేకుకు రంగు వేసి ఉన్నది. అంచున తుప్పు కూడా పట్టింది. రంగూ, తుప్పూ విద్యుత్తును సరిగా పోనివ్వవు. అదే మన గుర్రపుడెక్క!

ఇప్పుడు కొంచెం లెక్క చూడండి. ఓమ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1827లో ప్రకటించిన సూత్రం ప్రకారం, ప్రవాహాన్ని అడ్డుతో హెచ్చిస్తే అక్కడ నిలిచిపోయే వోల్టులు వస్తాయి. ఆ మర దగ్గర పావు ఓము అడ్డు ఉన్నదనుకోండి. మీటరు తీసుకునేది ఆంపియరులో పదోవంతు మాత్రమే. అప్పుడు నిలిచేది 0.025 వోల్టు. అది లెక్కలోకి రాదు. అందుకే పగలు ముల్లు బుద్ధిగా ఉన్నది. హెడ్‌లైట్లు రెండూ కలిసి సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటాయి. 8ని పావుతో హెచ్చిస్తే 2 వోల్టులు! 12 వోల్టుల బండిలో 2 వోల్టులు దారిలోనే నిలిచిపోతే చిన్న సంగతా? చల్లవైపు లాగే చుట్ట బలం తగ్గిపోయింది. సెన్సరు మాత్రం నేరుగా ఇంజనులో బిగించి ఉన్నది గనక దాని దారికి అడ్డేమీ లేదు. తాడులాటలో ఒక పక్షంవాళ్లు జారిపోయారు, ముల్లు రెండో పక్షంవైపు ఒరిగిపోయింది. వేడి ఎక్కడా పెరగలేదు!

ఈ ఊహ నిజమో కాదో చూడాలి గదా? బావగారు ఒక మూరెడు మంచి తీగ తెచ్చారు. మీటరు నల్లతీగ బిగించిన చోటినుంచి బ్యాటరీ రుణధ్రువానికి, అంటే మైనస్ గుర్తు ఉన్నవైపుకు, ఆ తీగ చాలలేదు. మరొక మూర అతికి పట్టుకున్నారు. అప్పుడు హెడ్‌లైట్లు వేశాము. ముల్లు కదలలేదు! తీగ తీశాము, ముల్లు ఎగిరింది. పెట్టాము, దిగింది. మేనల్లుడు చప్పట్లు కొట్టాడు.

తరువాత బావగారు ముందుగా బ్యాటరీ మైనస్ తీగ విప్పేశారు. ఇది మరిచిపోకూడదు. లేకపోతే చేతిలోని పానా పొరపాటున తగిలి నిప్పులు చిమ్ముతుంది. ఆపైన మీటరు నల్లతీగను ఆ మరకిందినుంచి తీసి, దానికి వేరే తీగ అతికి, ఇంజను ఇనుములో శుభ్రంగా గీకిన చోట గట్టిగా బిగించారు. హెడ్‌లైట్ల మర దగ్గర కూడా రంగూ తుప్పూ గీకి, తెల్లని ఇనుము కనిపించాక మళ్లీ బిగించి, పైన కాస్త గ్రీజు రాశారు. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. గ్రీజు లేకపోతే తుప్పు మళ్లీ వస్తుంది. ఈ పని అంతటికీ ఒక గంట పట్టింది. ఖర్చు రెండుమూరల తీగ!

"ఇక ముల్లు ఎగరదు. కాని పగలు అది చూపించే 85 నిజమేనని ఎలా నమ్మటం?" అన్నది మేనకోడలు.

మంచి ప్రశ్న. దానికీ పరీక్ష ఉన్నది. మర్నాడు తెల్లవారాక, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, బావగారు సెన్సరును విప్పి తీశారు. దాని ఒంటికి ఒక తీగ చుట్టి ఇంజను ఇనుముకు తగిలించారు. మీటరుకు పోయే తీగను యథాప్రకారం దాని తలకు ఉంచారు. అక్కయ్య మరిగే నీళ్ల గిన్నె తెచ్చింది. సెన్సరు అడుగుభాగాన్ని ఆ నీళ్లలో ముంచగానే ముల్లు మెల్లగా ఎక్కి, నూరు దగ్గర నిలబడింది. కొండలమీద నీరు నూరు డిగ్రీలకన్న ముందే మరుగుతుంది. మన డెల్టా సముద్రమట్టానికి దగ్గరగా ఉన్నది గనక మన నీరు నూరు డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మరిగే నీరు సాక్ష్యం చెప్పింది. మీటరు నిజమే చెబుతున్నది!

ఆ రాత్రి బావగారు పదిగంటలదాకా దమ్ము చేశారు.

కథ ఇంతటితో అయిపోయిందనుకున్నారా? అసలు సంగతి ఇప్పుడే ఉన్నది. భోగి ముందురోజున, పట్టపగలు, లైట్లు వెయ్యకుండానే ముల్లు కదిలింది. ఈసారి అది ఎగరలేదు. 85నుంచి 90కి, 90నుంచి 95కి మెల్లగా, మెట్టు తరువాత మెట్టు ఎక్కినట్టు ఎక్కింది. బావగారు వెంటనే ఇంజను ఆపారు. చూస్తే రేడియేటరు ముందున్న జల్లెడనిండా గడ్డిపరకలూ, పొట్టూ దట్టంగా పట్టి ఉన్నాయి. గాలి దూరే సందు లేదు! రేడియేటరు మూత జోలికి పోకుండా, ఇంజనును బాగా చల్లారనిచ్చి, జల్లెడ శుభ్రం చేశారు. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే లోపలి ఆవిరి ముఖాన కొడుతుంది, జాగ్రత్త!

ముల్లు మళ్లీ 85కు వచ్చింది. ఆ రోజున ఆపకపోతే ఇంజను నిజంగానే కాలిపోయేది. బావగారు పక్కింటాయన సలహా విని ఉంటే ఆ ముల్లువంక చూసేవారే కాదు గదా! తప్పు చెప్పే మీటరుకన్న, మనం నమ్మటం మానేసిన మీటరు ఎక్కువ ప్రమాదం. అందుకని తప్పు చెబుతున్నదని తోచినప్పుడు దాన్ని తిట్టనూకూడదు, మానెయ్యనూకూడదు. ఎందుకు చెబుతున్నదో కనుక్కుని సరిచెయ్యాలి.

మీ ఇంట్లో బండికి ఇలాంటి మీటరు బిగించి ఉంటే, నాన్నగారికి ఈ చిన్న పరీక్షలు చదివి వినిపించండి. సెన్సరు తీగను ఊడదీస్తే ముల్లు చల్లవైపు చివరికి పోవాలి. ఆ తీగ కొనను ఒక్క క్షణం ఇంజను ఇనుముకు తాకిస్తే వేడివైపు చివరికి పోవాలి. రెండూ జరిగితే మీటరూ, తీగా మంచివే. దోషం సెన్సరులోనో, అది కూర్చున్నచోటో ఉన్నది. కొందరు నీరు కారకుండా సెన్సరు మరలకు తెల్లటేపు దట్టంగా చుడతారు. అప్పుడు దాని ఒంటికి ఇనుము తగలక, ఇంజను వేడెక్కినా ముల్లు లేవదు. తీగ ఊడదీసినా ముల్లు దిగకపోతే, ఆ తీగ దారిలో ఎక్కడో ఒరుసుకుని ఇనుముకు తగులుతున్నది. తీగ తాకించినా లేవకపోతే, తీగ తెగిందో, తాళం దగ్గరినుంచి విద్యుత్తు రావటంలేదో, ఫ్యూజు పోయిందో చూడాలి. ఏ పరీక్ష అయినా ఒక్కసారికి ఒక్క తీగనే ముట్టాలి. రెండు ఒకేసారి మారిస్తే ఏది నయం చేసిందో ఎప్పటికీ తెలియదు.

మీరూ చేసి చూడండి: టార్చిలైటు సెల్లులు రెండు, చిన్న టార్చి బల్బులు రెండు, కొంచెం తీగ, రెండువైపులా చెక్కిన ఒక పెన్సిలు తీసుకోండి. సెల్లులను వరసగా పెట్టి, ఒక బల్బును వెలిగించండి. అయితే బల్బునుంచి సెల్లుకు తిరిగివచ్చే తీగను పెన్సిలు ముల్లు గుండా పోనివ్వండి. ముల్లులోని నల్లసీసం కాస్త అడ్డు పెడుతుంది. బల్బు వెలుగు గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు రెండో బల్బునూ కలపండి. దాని తిరుగుదారి కూడా అదే పెన్సిలు గుండా ఉండాలి. మొదటి బల్బు ఏమవుతుందో చూసి, ఎందుకలా అయిందో మీ చెల్లెలికి చెప్పండి. బల్బు మొదటే వెలగకపోతే ఇంకా పొట్టి పెన్సిలు వాడండి. ఇంటి గోడలోని కరెంటుతో మాత్రం ఇలాంటి ఆటలు ఎన్నడూ ఆడవద్దు. సెల్లులతోనే చెయ్యాలి.

పోయేముందు ఒక ప్రశ్న. ఒకాయన బండిలో హారను మోగించినప్పుడల్లా వేడి మీటరు ముల్లు గంతులేస్తున్నదట. ఆయన ఇంజను విప్పించాలా? మొట్టమొదట ఏ తీగను చూడాలి? ఈ పేజీ మళ్లీ ఒకసారి చదవండి. జవాబు మీకే దొరుకుతుంది!